చల్లటి ఇంజను

మొదటి బండి బానెట్ మీద అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది.
ఇందాకే పోస్టాఫీసు దాకా వెళ్లొచ్చానన్నాడు అమ్మేవాడు.
చక్రాల ముందు మంచు మాత్రం
రాత్రి పడ్డది పడ్డట్టే ఉంది.
లైల్ చేతిలోంచి తాళాలు తీసుకుని
తిరిగి అతని చేతిలో పెట్టేశాను.
ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సుల కింద
వెల్లకిలా పడుకున్నదాన్ని,
అబద్ధం నాకు చెవికన్నా ముందు చేతికి తెలుస్తుంది.

రెండోది మైల్స్ సిటీలో, దుకాణం ముందు,
ఎర్రగా, అద్దంలా.
లైల్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.
నేను కిందికి దూరాను.
చట్రానికి కొత్త నల్లరంగు. తుప్పుకి తొడిగిన చొక్కా.
స్క్రూడ్రైవరు మొనతో గీస్తే
పెచ్చులు పెచ్చులుగా నా కళ్లజోడు మీద రాలింది.
పైన పటారం, లోన లొటారం.
పాపం లైల్, దారంతా మాట్లాడలేదు.
ఎరుపంటే అతనికి చిన్నప్పట్నించీ ఇష్టం.

మూడోది ఆర్వల్ ట్వైట్ గారిది,
గ్లెండైవ్ అవతల, గడ్డిమోపుల కొట్టం పక్కన.
ముందురోజు ఫోన్ చేసి చెప్పాను:
హీటరు తగిలించకండి, స్టార్ట్ చెయ్యకండి.
"ఈ చలికి అది నన్ను తిడుతుందమ్మా" అన్నాడు.
తిట్టనివ్వండి, ఏం తిడుతుందో వినాలి నేను.

పొద్దున ఏడు. సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద.
చెయ్యి పెడితే ఇనుము చర్మాన్ని పట్టుకుంది.
తాళం సగం తిప్పి ఆగాను.
చిన్న పసుపు దీపం ఆరేదాకా
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
దగ్గింది. ఇంకోసారి దగ్గింది. అందుకుంది.
తెల్ల పొగ కాసేపు, తర్వాత ఉత్త గాలి.
ఆయిలు మూత విప్పి బోర్లించాను నోటి మీద:
వణికింది గానీ ఎగిరి పడలేదు.
ఎడమ తలుపుకి సొట్ట. "ఎద్దు" అన్నాడు ఆర్వల్.
అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

గడ్డి ట్రెయిలరు తగిలించి కొండ మీదికి తీసుకెళ్లాడు.
"ఎక్కడం ఏదైనా ఎక్కుతుంది,
దిగేటప్పుడు చూడు దాని బుద్ధి."
బ్రేకు మీద కాలు పెట్టకుండానే
గొంతులో గురగురమంటూ, తనని తాను పట్టుకుంటూ
దిగింది, మెట్లు దిగే లావుపాటి మనిషిలా.

అప్పుడు తలుపు తీసి స్తంభం మీది చీటీ చూపించాడు.
లాగడం వేరు, మోయడం వేరు.
పధ్నాలుగు వేల పౌండ్లు లాగుతుందట,
వీపు మీద మాత్రం రెండువేల మూడొందల నలభై.
మా క్యాంపర్ మెడ ఒక్కటే పంతొమ్మిది వందలు.
కొక్కెం నూటయాభై. లైల్ రెండువందల అయిదు.
ఎనభై అయిదు మిగిలింది.
నా బరువు రాయమంటే పెన్సిలు కింద పెట్టేశాను.

"ముందు అరలో ఏముంది?" అన్నాడు ఆర్వల్.
"రాళ్లు" అన్నాం ఇద్దరం.
ఎల్లోస్టోన్ ఒడ్డున ఏరిన అగేట్లు,
తడిపితే లోపల అడవి కనిపించేవి. అరవై పౌండ్లు.
తీసేస్తానన్నాను.
ఆ మాట నోట్లోంచి అతి తేలిగ్గా వచ్చింది,
లోపల ఎక్కడో ఏదో జారింది.
"నే చూసుకుంటాలే" అన్నాడు లైల్.

ధర ఒక్క డాలరూ దిగలేదు ఆర్వల్.
ఫిల్టర్లు నాలుగు, పాత తాడు చుట్టొకటి వేసిచ్చాడు.

ఏప్రిల్లో, ధాన్యం గోదాము తూకం మీద నిలబెట్టాం.
నన్ను కూడా కూర్చోబెట్టి తూచారు. సరిపోయింది.
ఇంకా పది పౌండ్లు మిగిలింది కూడా.
లైల్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు,
రాళ్లు గరాజులో భద్రంగా ఉన్నాయన్నాడు.

రాత్రి పొద్దుపోయాక ముందు అర తెరిచి
చీకట్లో చెయ్యి పెట్టాను.
చల్లగా, నున్నగా, అన్నీ.
వాటి పక్కన ఖాళీ.
లైల్ బొగ్గుల మీద రొట్టె కాల్చే ఇనప దాకలు
మూడూ లేవు.

"గ్యాసు పొయ్యి మీద కూడా రొట్టె బాగానే వస్తుందట"
అన్నాడు పొద్దున్నే, నేనేమీ అడక్కుండానే,
టైర్లలో గాలి చూస్తూ.

నేను బానెట్ మీద చెయ్యి వేసి
ఊరుకున్నాను.